ఉత్తరాల వరుస చెప్పే మా మరిది

మా మరిది పోయాడని పుంగనూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందు వారమే అతను ఫోన్ చేసి, ఉత్తరాలు చదివే రోజు దగ్గర పడింది, రమ్మన్నాడు. మోకాళ్ళ నొప్పులు, ఈసారి రాలేనన్నాను. ఇదివరకు ఒకసారి మా ఆడబిడ్డ ఇలాగే రానంటే, తనకు ఛాతీలో నొప్పి అని కబురు పెట్టి ఆమెను కుప్పం నుంచి రప్పించిన మనిషి అతను. ఆమె ఏడుస్తూ బస్సు దిగి వస్తే, గడపలో నిలబడి నవ్వుతూ సంచీ అందుకోబోయాడు. ఆమె సంచీ ఇవ్వలేదు.

అందుకని ఫోన్‌లో అతని కొడుకును గట్టిగానే అడిగాను.

"ఇట్లా చెప్పమని మీ నాయన చెప్పినాడా?"

"లేదు పెద్దమ్మా, నాయన పోయినాడు. తెల్లారి లేసి కాఫీ అడిగినాడు. తెచ్చేలోపల..."

"డాక్టరు వచ్చి చూసినాడా?"

"చూసినాడు పెద్దమ్మా."

"ఫోను మీ అమ్మకియ్యి."

మా తోటికోడలి ఏడుపు విన్నాక నమ్మాను. మదనపల్లె బస్టాండుకు బయలుదేరే ముందు బీరువా తెరిచి, నా భాగం ఉత్తరాలు సంచీలో పెట్టుకున్నాను. చావు ఇంటికి ఉత్తరాలెందుకని మా కోడలు అడిగింది. ఆమెకు చెప్పడానికి అప్పుడు సమయం లేకపోయింది. ఇప్పుడు చెబుతాను.

మా మామగారు రెండో ప్రపంచయుద్ధంలో సిపాయి. బర్మా వైపు పోయి తిరిగి రాలేదు. ఆయన పెన్సిలుతో రాసిన ఉత్తరాలు మా అత్తగారి దగ్గర ట్రంకుపెట్టెలో ఉండేవి. ఆమెకు చదువు రాదు. అవి వచ్చిన రోజుల్లో ఊరి బడి అయ్యవారు చదివి వినిపించేవారట. చాలా ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు వేరుపడినప్పుడు, ఇత్తడి సామానుతో పాటు ఆ ఉత్తరాలూ పంపకాల్లోకి వచ్చాయి. పంచడానికి కూర్చున్న పెద్దమనిషి బిందెలూ చెంబులూ పంచినట్టే వాటినీ మూడు కట్టలుగా పంచాడు. ఒకటి పెద్ద బావగారికి, ఒకటి మా ఆయనకు, ఒకటి ఆడబిడ్డకు. చిన్నవాడైన మరిదికి ఇవ్వలేదు.

"నువ్వు మీ నాయన మొగమే సూడలేదు గదప్పా, నీకెందుకు?" అన్నాడు.

మామగారు యుద్ధానికి పోయేనాటికి మరిది తల్లి కడుపులో ఉన్నాడు. అతని భాగానికి ఆ ట్రంకుపెట్టె వచ్చింది, ఖాళీది. ఒక్క మాట అనకుండా దాన్ని నెత్తిన పెట్టుకుని పోయాడు. గొడవ పడవలసిన చోట గొడవ పడని మనిషిని కనిపెట్టి ఉండాలని నేను ఆ రోజే అనుకున్నాను.

బావగారు నిమ్మనపల్లెలో సేద్యం చేసుకుంటూ ఉండిపోయారు. ఆడబిడ్డ కాపురం కుప్పం. నేను మదనపల్లెలో బడిపిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన పోయాక ఆయన భాగం ఉత్తరాలు నా చేతికి వచ్చాయి. మరిది పుంగనూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాడు. అత్తగారు అతని దగ్గరే ఉండేది.

తొంభైల నడుమ ఒకరోజు అతను మా ఇంటికి వచ్చాడు. కూర్చోకుండానే అడిగాడు.

"వదినా, అమ్మ ఉత్తరాలు వినాలంటాండాది. మొదట్నుంచి కడదాకా, వరసగా, ఒక్కసారి. వారం రోజులకియ్యి. మళ్ళా నేనే తెచ్చిస్తా."

అత్తగారికి అప్పటికి చూపు పోయింది. మంచం దిగడం లేదు. ఎక్కువ కాలం ఉండదని అందరికీ తెలుసు. కోరిక న్యాయమైనదే. అయితే నిమ్మనపల్లెలో బావగారు దున్నుతున్న పొలంలో ఒక ముక్క, సిపాయి భార్య అని సర్కారు మా అత్తగారి పేరున ఇచ్చింది. అది ఇంకా పంపకాల్లోకి రాలేదు. యుద్ధం నుంచి వచ్చిన ముద్రల కాగితాలన్నీ ఒక్క మనిషి చేతిలో పడితే, ఆ మనిషి రేపు ఏ ఆఫీసు మెట్లెక్కుతాడో ఎవరు చెప్పగలరు?

"అమ్మ అడగతాండాదా, నువ్వడగతాండావా?" అన్నాను.

"ఇద్దరం వదినా."

ఆ జవాబు నాకు నచ్చలేదు. రసీదు రాసిస్తావా అని అడిగాను. "టైపు కొట్టి, కార్బన్ కాపీతో సహా ఇస్తా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి రసీదు ఆలోచన కూడా మానుకున్నాను.

"వద్దులేప్పా. నేనే ఎత్తుకొని వస్తా. నా కాగితం నా చేతిలోనే ఉంటాది. నేనే చదువుతా."

"అట్లయితే మరీ మంచిది" అన్నాడు వెంటనే. అంత వెంటనే ఒప్పుకోవడంతో నాకు ఇంకా అనుమానమైంది.

బావగారికి కబురు పెడితే, "వాడు నాకు తెల్దా అమ్మా? బూమ్మీద కన్నేసినాడు. నేనూ నా కాగితాలతోనే వస్తా" అన్నారు. కుప్పం నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వాడు నా తమ్ముడే వదినా, కాదనను. అయినా ఇచ్చేది మాత్రం లేదు. ఒళ్ళో పెట్టుకొని సదివి, మళ్ళా ఒళ్ళో పెట్టుకొని వస్తా."

అలా ముగ్గురమూ ఒకే రోజు పుంగనూరు చేరి, సంచులు ఒళ్ళో పెట్టుకుని అత్తగారి మంచం చుట్టూ కూర్చున్నాం. ఆమె ఒక్కొక్కరి గొంతూ విని బెదిరిపోయింది.

"అందురూ ఒక్కసారే వచ్చినారు, ఎవురన్నా సచ్చినారా? లేకుంటే నేనే సస్తాండానా?"

"ఎవురూ సావలేదుమా. నాయన ఉత్తరాలు సదువుతారంట" అన్నాడు మరిది.

చదవడం అనుకున్నంత తేలిక కాలేదు. సగం ఉత్తరాలకు తేదీ లేదు. ముద్రలు అలుక్కుపోయాయి. మేము ఒక్కొక్కరం ఒక్కొక్క ఉత్తరం మొదలు చదువుతుంటే, అత్తగారు కళ్ళు మూసుకుని వరుస చెప్పింది.

"ఎర్రావు ఈనిందా అనడిగినాడే, అది ముందు. దూడకు పాలు ఇడస్తాండావా అనేది దాని ఎనక."

మరిది ఆమె తలవైపు నిలబడి, అదంతా మనసులో పెట్టుకుని, తర్వాత మొదటి నుంచి పిలిచాడు. "అన్నా, నీది. ఊఁ, ఇప్పుడు వదినది." చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు. ఒక్క కాగితం తాకలేదు. తాకబోతాడేమోనని నేను చూస్తూనే ఉన్నాను.

అక్కడక్కడ, సిపాయిల ఉత్తరాలు చదివి పంపే పట్టాళం పైవాళ్ళు నల్లసిరా పూసిన చోట్లున్నాయి. బావగారు అలాంటి చోట ఆగి కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

"యాల ఆగినావు?" అంది అత్తగారు.

"నలుపుండాదిమా."

"ఊరి పేరయ్యుంటాది. సాగు."

ఒక ఊరి పేరుకు అంత సిరా ఎందుకని నాకు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆడబిడ్డ వంతు వచ్చినప్పుడు, "చిన్నోనికి నడక వచ్చిందా?" అని ఒక వాక్యం చదివి ముందుకు పోయింది.

"ఇంకోసారి సదువుక్కా" అన్నాడు మరిది.

చదివింది. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ చదివింది. అప్పటికే యాభై దాటిన మనిషి, కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇంగ సాల్లేరా, నడస్తాండావులే" అన్నారు బావగారు. అత్తగారు పళ్ళులేని నోటితో నవ్వింది.

చివరి ఉత్తరం అయ్యాక ఆమె తల మా వైపు తిప్పింది. "మీ నాయన ఇంత మాట్లాడతాడని నాకు తెల్దు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నోరు తెరిచినోడు కాదు" అంది.

భూమి మాట ఎప్పుడు వస్తుందా అని నేను సాయంత్రం దాకా కాచుకున్నాను. కాఫీ వచ్చింది. బోండాలు వచ్చాయి. భూమి రాలేదు.

ఆ చలికాలంలో అత్తగారు పోయింది. భూమి మాట ఎత్తినవారు బావగారే. ఆ ముక్క తన పేరున రాయించుకున్న కాగితం తెస్తే మరిది చదవకుండా సంతకం పెట్టాడు. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళను నేను నమ్మను. దీని వెనక ఏముందని నిలదీశాను. ఉంది. ఏడాదికోసారి, అమ్మ పోయిన నెలలో, అందరూ తమ ఉత్తరాలతో పుంగనూరు రావాలి, పిల్లలను తీసుకుని రావాలి, వరసగా చదవాలి. అతను అన్న దగ్గర పెట్టిన షరతు అదొక్కటే.

వెళ్ళాం. నా కట్ట నేను వదలను గనక వెళ్ళాను. మిగతా ఇద్దరూ అంతే. కాగితాలు చెడకుండా అతను మా ముగ్గురికీ ప్లాస్టిక్ కవర్లూ ఎండు వేపాకూ పంపేవాడు. చదివే రోజున ఒక్కొక్కరి ముందుకూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, అంచులు చిరిగాయేమో చూసేవాడు. "వదినా, ఈ మడత మీద కూసున్నావా ఏంది?" అని ఎగతాళి చేసేవాడు.

వరుస అతని ఒక్కడికే తెలుసు. ఉత్తరాల మీద పెన్సిలుతో నంబర్లు వేద్దామని నేను ప్రతి ఏడూ చెప్పేదాన్ని. రోజంతా టైపు మిషన్ల మధ్య కూర్చునే మనిషి, ఒక జాబితా కొట్టడానికి ఏమి కష్టం? "కాగితాలు మీవి వదినా, వరస నాది" అని దాటేసేవాడు. ఒకసారి గట్టిగా పట్టుకున్నాను.

"నంబర్లేస్తే నువ్వు జిరాక్సు తీస్తావు. అక్క తీస్తాది. అన్న కొడుకు తీస్తాడు. అందురూ ఎవురింట్లో వాళ్ళు సదువుకుంటారు. మళ్ళా ఈడికి ఎవురొస్తారు?"

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. మొట్టమొదట మదనపల్లె వచ్చి అడిగినప్పుడే, మేము ఇవ్వబోమని తెలిసే అడిగాడా? ఆ మాటే అడిగాను.

"కాఫీలో సక్కెర సరిపోయిందా వదినా?" అన్నాడు.

నా పిల్లలకు తాత అంటే గోడ మీద పటం. నా మనవళ్ళకు మాత్రం ఆయన ఎండు మిరపకాయల కోసం మొత్తుకోవడం తెలుసు, బూట్లు కరిచిన కాలి గురించి తెలుసు, ఎర్రావు మీద ఆయన బెంగ తెలుసు. ఇది మా మరిది చేసిన పని. ఇందులో అతని స్వార్థం ఏమిటని చాలా ఏళ్ళు వెతికాను. తండ్రి గొంతు ఏడాదికోసారి వినడం తప్ప ఇంకేమీ దొరకలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక మేము ముగ్గురం ఏటా ఉత్తరాలు చదివే గదిలోనే కూర్చున్నాం. అందరూ ఉత్తరాలు తెచ్చుకునే వచ్చారు. అతను వరుస ఎక్కడైనా రాసి పెట్టాడేమోనని నేను ఇన్‌స్టిట్యూట్ సొరుగులన్నీ వెతికి వచ్చాను.

"నేనూ ఎతికినా పెద్దమ్మా. రాయలేదు" అన్నాడు అతని కొడుకు.

మొదటి ఉత్తరం తనదేనన్నారు బావగారు. నాదన్నాను నేను. రైలు సంగతి ముందా, మిరపకాయల సంగతి ముందా అని ఇద్దరమూ గొంతు పెంచాం. ఆడబిడ్డ కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరూ పిలవకుండానే, తన కట్టలో పైనున్నది తీసి చదవడం మొదలుపెట్టింది. అది మొదటిది కాదని నాకు గట్టి అనుమానం. అయినా ఆపలేదు. బావగారూ ఆపలేదు.

"ఈడ రాత్రీ పగలూ వాన. కట్టుకున్న గుడ్డ ఆరదు. మన కాడ పడిందా?"

అక్కడికి ఆమె ఆగింది. అందరం తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూశాం. ఎండ కాస్తోంది. మా తోటికోడలు కడిగిన వాకిలి ఒక పక్కనుంచి ఆరుకుంటూ వస్తోంది.