సిస్టరమ్మ రాసిన కేసు షీట్లు

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన ఆదివారం మదనపల్లెలో ప్రభువునందు నిద్రించారు. దిండు పక్కన సగం చదివిన నవల ఉంది. అందులోని అమ్మాయి ఉద్యోగం నిలబెట్టుకుందో లేదో తెలియకుండా వెళ్లడం ఒక్కటే ఆవిడకు లోటు. మిగతా జీవితమంతా ఆవిడ గెలుస్తూనే వచ్చారు.

మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేశారు. వార్డులో ఆవిడ చెప్పుల చప్పుడు వింటే రోగులకు సగం జ్వరం తగ్గేదట, డాక్టర్లకు ఆ సగం ఎక్కేదట. రిటైరయ్యాక కుప్పంలో చెల్లెలింటికి పోయినప్పుడల్లా అక్కడ రైలెక్కి బెంగళూరు వెళ్లి, పాత పుస్తకాల అంగళ్లలో చిక్ లిట్ నవలలు సంచినిండా తెచ్చుకునేవారు. పట్నంలో ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు తమ బాసుల్నీ బరువునూ ప్రేమల్నీ తామే నవ్వుతూ చెప్పుకునే కథలవి. చర్చిలో ఎవరైనా పింకు అట్ట చూసి మొహం చిట్లిస్తే, ముందు చదవమని, తర్వాత తిట్టమని చేతిలో పెట్టేవారు. తిరిగి ఇచ్చినవాళ్లు తక్కువ. తిట్టినవాళ్లు అసలే లేరు.

చదివిన ప్రతి నవలలో ఒక కేసు షీటు పెట్టడం ఆవిడ అలవాటు. పేషెంటు వయసు ఇరవై తొమ్మిది. బాధలు: బాసు, అమ్మ, ఒక అందమైన వెధవ. మందు: ఇద్దరు స్నేహితురాళ్లు, పూటకొకసారి. చివర్లో, డిశ్చార్జి నాటి పరిస్థితి.

నేను ఎం.ఏ. ప్రాజెక్టు ఈ నవలల మీదే రాశాను. మగపిల్లోడికి ఇదేం పోయేకాలమని ఇంట్లో సంతాపసభ జరిగింది. పింకు అట్ట, హైహీల్స్, చివర పెళ్లి, ఇవే చిక్ లిట్ లక్షణాలని నేను మహాగంభీరంగా తేల్చిన పేజీని సిస్టరమ్మ చదివి, కళ్లద్దాలు తీశారు.

"రోగి కట్టిన చీర జూసి రోగం రాసినావు గదప్పా."

వారం రోజులు కూర్చోబెట్టి షీట్లన్నీ చదివించారు. ప్రాజెక్టు మళ్లీ మొదటినుంచి రాశాను.

వైవా కుప్పం యూనివర్సిటీలో. అందులో పోతే ఎం.ఏ. పోయినట్టే. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ మేడమ్‌కు ఇలాంటి పుస్తకాలంటే మంట అని ముందే విన్నాను. పుంగనూరులో బస్సు ఆగగానే దిగిపోదామని, జ్వరమని కబురు పెడదామని గొణిగాను. తోడొచ్చిన సిస్టరమ్మ నా నాడి పట్టి చూశారు.

"జ్వరం లేదు. భయముండాది. ఆ నవలల్లో బిడ్డలు అందరి ముందరా పరువు పోగొట్టుకోని కూడా, తెల్లారి మళ్లా ఆఫీసుకి పోతాండారు గదా. నువ్వు ఒక్కపూట పోలేవా?"

పోయాను.

మేడమ్ నా ప్రాజెక్టును బల్లిని చూసినట్టు చూసి, ఈ వెకిలి నవ్వులు సాహిత్యమెలా అవుతాయని అడిగారు. తన కథ తానే చెప్పుకుంటూ తన మీద తనే ముందు నవ్వుకున్న మనిషిని చూసి నవ్వడానికి ఊరికి ఏమీ మిగలదన్నాను. మరి ప్రేమకథకూ దీనికీ తేడా ఏమిటన్నారు. చదివిన సిద్ధాంతాలన్నీ ఒక్కసారిగా సెలవు పెట్టాయి. కేసు షీట్లే దిక్కయ్యాయి.

"డిశ్చార్జి నాడు చూడాలి మేడమ్. ప్రేమకథలో హీరో ఆమెను ఎత్తుకుని తీసుకెళ్తాడు. ఇందులో ఆమె తన కాళ్ల మీద నడిచి వెళ్తుంది. అతను కూడా రావచ్చు, కానీ సంచి మోయాలి."

మేడమ్ నవ్వలేదు. ఈ మాట ఎవరిదని అడిగారు. ఆవిడ బయట బెంచీ మీద కూర్చున్నారని చెప్పాను. సంతకం పెట్టి, కలం మూత కూడా పెట్టకుండా లేచి వెళ్లారు.

ఫస్టు క్లాసు వచ్చింది. కానీ సిస్టరమ్మను తలచుకుంటే నాకు కనిపించేది ఆ వరండానే. బెంచీ మీద ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు, ఇద్దరి ఒళ్లో కలిపి ఒకటే పింకు అట్ట పుస్తకం. సిస్టరమ్మ పేజీ తిప్పబోతున్నారు. మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు, తను చదవడం ఇంకా అవలేదని.