అత్త క్యారియర్‌ను మార్చిన వైనం

ఆ రోజుల్లో, అంటే హైదరాబాదులో బొమ్మల చదువు ముగించుకుని నంద్యాలకు తిరిగొచ్చిన కొత్తలో, నాకు లోకంలో పనికొచ్చే వస్తువేదీ నచ్చేది కాదు. తెగిన చెప్పు, సొట్టపోయిన చెంబు, పళ్లూడిన దువ్వెన కనబడితే మాత్రం కళ్లు చెమర్చేవి. వాటిని ఏరుకొచ్చి, మిద్దెమీది గదిలో తీగలతో కట్టి పేర్లు పెట్టేవాణ్ని. (పేరు ఎంత అర్థం కాకుంటే కళ అంత గొప్పదని నా గట్టి నమ్మకం.) "నేను ఊడ్చి పారేసేది, నువ్వు ఏరుకొచ్చేది. ఇద్దరికీ పని తెగదులే" అనేది అమ్మ.

ఒకసారి ఆళ్లగడ్డలో మేనత్త ఇంటికి పోతే, వంటింటి గూట్లో నాలుగు గిన్నెల పాత క్యారియర్ కనబడింది. మామ రోజూ పొలానికి సంగటి తీసుకుపోయేది అందులోనే. ఆ సొట్టలు, ఆ నల్లబడిన అడుగు చూసి ఒళ్లు పులకరించింది. "ఇది నాకియ్యత్తా, మారుస్తా" అన్నాను. అత్త ముఖం వెలిగిపోయింది. "మార్చు నాయనా, ఎన్నాళ్లనుంచో మీ మామకు చెప్తాండా, వింటే గదా!" అని కడిగి, తుడిచి మరీ ఇచ్చింది. మా వంశంలో కళ తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నందుకు బస్సులో దారిపొడవునా పొంగిపోయాను.

గిన్నెలకు చిల్లులు పొడిచి, విరిగిన గొడుగు ఊచలకు వేలాడదీసి, 'అన్నం లేని ఆకాశం' అన్నాను. నంద్యాలలో ఒక కల్యాణమండపం పక్క గదిలో ప్రదర్శన. వచ్చినవాళ్లలో సగంమంది పెళ్లికొచ్చి దారి తప్పినవాళ్లు. లాల్చీ వేసుకున్న ముఖ్య అతిథి నా ఆకాశం ముందు నిలబడి, "ఇందులో ఆధునిక మానవుడి శూన్యం ఉంది" అంటుండగా అత్త వచ్చింది.

"శూన్యమేందప్పా, ఆడుండేది పప్పుగిన్నె" అని ఆయనకు చెప్పి, నావైపు తిరిగింది. "కొత్తది యాడరా?"

"కొత్తదేందత్తా?"

"మారుస్తానంటివి గదా! అంగట్లో పాతదేసి కొత్తది తెస్తావని సూస్తాండా. మీ మామ ఆడ పాలిథిన్ సంచిలో సంగటి మోసకపోతాండాడు."

"రూపం మార్చినానత్తా. ఇది కళ."

"చిల్లులు పొడిచేదానికి ఇంత చదువెందుకురా? ఇప్పు దాన్ని!"

ముఖ్య అతిథి పాయసం వాసన వచ్చే వైపు జారుకున్నాడు. అందరి ముందూ నా ఆకాశాన్ని నేనే విప్పి ఇచ్చాను. అత్త దాన్ని చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచింది. మరునాడు కొత్త క్యారియర్ పట్టుకుని ఆళ్లగడ్డకు పోతే, అది తీసుకుందిగానీ నాతో మాట్లాడలేదు.

జొన్న పాలుపోసుకునే రోజుల్లో మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, నీ గిన్నెలు చేన్లో కట్టినా. గాలికి మోగుతాంటే ఒక్క చిలక వాలడంలేదు. మీ అత్త కోపం గూడా పోయిందిలే. పక్కచేని రెడ్డి తనకూ ఒకటి కావాలంటాండాడు, చేసిస్తావా?"

"కళాఖండం ఒకటే ఉంటుంది మామా" అన్నాను, ఎంతో గంభీరంగా.

నా తక్కిన కళాఖండాలన్నీ ఎప్పుడో పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయాయి. నా పని చూసి నిజంగా చలించింది ఆ చిలకలొక్కటే. ఇప్పుడైతే పక్కచేనికేం, ఊరందరి చేలకూ చేసిస్తాను. అడిగేవాళ్లేరీ!