ఇనారి గుడి అరలో ఒక తెల్ల నక్క

హొనొలులులో ఆఫీస్ కాన్ఫరెన్స్ అయ్యాక నాకు ఒక ఆదివారం మిగిలింది. మాది బియ్యం వ్యాపారం చేసే ఇల్లు. బియ్యానికీ సిరిసంపదలకూ అధిదేవత అయిన ఇనారికి ఇక్కడ జపాన్‌వాళ్ల షింటో మతం గుడి ఉందని తెలిశాక వెళ్లకుండా ఉండలేకపోయాను. కాన్ఫరెన్స్‌కే ఆష్‌బర్న్ నుంచి వచ్చిన శ్రీకాంత్, మాస్టర్స్ నాటి స్నేహితుడు, తన అద్దె కారులో తీసుకెళ్తానన్నాడు. ఎనిమిదిన్నరకు మా హోటల్ ఉన్న వైకీకీలో బయల్దేరి తొమ్మిదికల్లా చేరాం. టికెట్ లేదు, పార్కింగ్ ఉచితం. బస్సులో అయితే మూడు డాలర్లు, దాదాపు గంట.

ఎర్రటి ద్వారం దాటగానే నీళ్ల తొట్టి. చేతులు కడుక్కుని, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలని గుడి చూసుకునే పెద్దావిడ చేసి చూపించారు. దేవుడి ముందు బియ్యం, ఉప్పు పెట్టి ఉన్నాయి. పక్క అరలో అరచేతిలో పట్టే పింగాణీ నక్కలు బోలెడు. నక్క ఇనారి దూత అనీ, కోరిక తీరినవాళ్లు వాటిని తెచ్చి పెడతారనీ ఆవిడ చెప్పారు. నక్కకి దండమేంటని తెలుగులో అంటూ శ్రీకాంత్ నవ్వాడు. ఎలుకనెక్కి తిరిగే దేవుణ్ణి డాష్‌బోర్డు మీద పెట్టుకుని ఆఫీసుకెళ్లే మనిషి! ఒళ్లు మండింది, అయినా పైకేమీ అనలేదు.

భోజనానికి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర జేబులోంచి ఒక నక్కను తీశాడు.

"మా పాపకి సావనీర్. అక్కడ హండ్రెడ్ ఉన్నాయి, ఒకటి మిస్ అయితే ఎవరికి తెలుస్తుంది?"

"మన గుళ్లో దీపం ఎవడైనా జేబులో వేసుకుంటే ఊరుకుంటావా? కార్ టర్న్ చెయ్యి. లేదా నన్నిక్కడే దింపెయ్యి."

చిన్నదాన్ని పెద్దది చేస్తున్నానన్నాడు. నేను సీటు బెల్టు తీశాను. అప్పుడు తిప్పాడు. గుడికి వెళ్లి నక్కను పెద్దావిడ చేతికిచ్చాడు.

ఆవిడ నక్కను తిరగేసి, అడుగున పెన్సిల్‌తో రాసిన పేరు చదివారు. కూతురికి ఆపరేషన్ బాగా జరిగాక ఒక తల్లి పెట్టిందట. ప్రతి సోమవారం వచ్చి చూసుకుంటుందట. శ్రీకాంత్ సారీ చెప్పాడు. పర్వాలేదని ఆవిడ అనలేదు. తీసిన చోటే పెట్టమన్నారు. ఆ చోటేదో అతనికి గుర్తులేదు. అర ముందు అలాగే నిలబడిపోయాడు. చివరికి ఆవిడే, దుమ్ములో గుండ్రంగా మిగిలిన గుర్తు వెతికి, అక్కడ పెట్టారు.

నా కోపం ఇంకా తగ్గలేదు. మన దేవుళ్లను ఎవరైనా వెక్కిరిస్తే సంతకాలు సేకరించే మనం, పరాయి గుడిలో ఇంత చులకనగా ఎలా ఉండగలం? అతను మొదట నవ్వినప్పుడే నేను నోరు విప్పాల్సింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: జ్ఞాపకంగా ఏదైనా కావాలంటే గుడి పక్క కిటికీలో తాయెత్తులు అమ్ముతారు. పదకొండు దాటితే ఆ కిటికీ మూసేస్తారు.