ఎవాల్డ్ తవ్వి ఇచ్చిన నేల

బ్రెమెన్‌లో ముప్పై ఏళ్లు ట్రాము నడిపిన ఎవాల్డ్ లూట్‌మన్‌కు మాటలంటే గిట్టదు. డ్రైవరుతో మాట్లాడరాదని ట్రాములో బోర్డు ఉంటుంది కదా, రిటైరయ్యాక కూడా ఆయన ఆ బోర్డును మెడలో వేసుకునే తిరుగుతున్నాడని ఊరివాళ్లు అద్దెకు తీసుకుని సాగుచేసుకునే తోటల కాలనీలో నవ్వుకునేవారు. ఆయనా తక్కువ తిన్నవాడేం కాదు. పక్కవాడు ఆపిల్ చెట్టు కొమ్మలు కత్తిరిస్తుంటే వచ్చి నిలబడి, పనంతా అయ్యేదాకా చూసి, "చెట్టేం పాపం చేసిందయ్యా నీకు?" అని ఒక్క ముక్క అనేసి వెళ్లిపోయేవాడు. ఆ మాట పడినవాడు వేసవి దాకా మరిచిపోలేకపోయేవాడు.

భార్య హెడ్డా పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లల్లేరు. ఉండేది నాలుగో అంతస్తులో, బాల్కనీ కూడా లేని రెండు గదుల్లో. కాబట్టి ఆయనకు బతుకంటే రైలు కట్ట పక్కనున్న ఆ పందొమ్మిదో నంబరు తోటే. ఫిబ్రవరిలో మంచు కరిగిందంటే చాలు, పొద్దున్నే అక్కడ తేలేవాడు. ఎండిన రాస్ప్‌బెర్రీ కాడలు నేలమట్టంగా కోయడం, ముళ్ల పొదల్లో చెయ్యి దూరేంత సందు చేయడం, ఎరువుకుప్ప జల్లెడ పట్టడం, నేల కాస్త విడగానే పెద్ద చిక్కుళ్లు విత్తడం, ఇంట్లో కిటికీ గట్టు మీద కోడిగుడ్ల అట్టల్లో విత్తనపు బంగాళాదుంపలు మొలకకు పెట్టడం. ఆ నెలన్నరా ఆయనకు తిండి మీద కూడా ధ్యాస ఉండేది కాదు. ఆ తోటే లేకపోతే పొద్దున్నే లేచి చేసేదేమిటో ఆయనకే తెలియదు.

కాలనీకి అధ్యక్షురాలు గెర్లిండ హోప్కెన్. ఎవాల్డ్ పక్కతోటే ఆవిడది. చేతిలో కొలకర్ర లేకుండా ఆవిడ ఆ దారిలో నడవగా చూసినవాళ్లు లేరు. తోట చుట్టూ మొక్కల కంచె మీటరుంపావు ఎత్తు దాటకూడదని కాలనీ రూలు. మార్చి ఒకటి నుంచి పిట్టలు గూళ్లు కట్టుకుంటాయి గనుక కంచె ముదురు కొమ్మలు నరకకూడదని చట్టం. పైపైన చివుళ్లు దువ్వుకోవచ్చు, అంతే. అందుకని ఫిబ్రవరి ఆఖరు వారంలో కాలనీ అంతా కత్తెరల చప్పుడే. తప్పు చేస్తే ఉత్తరం వస్తుంది. మూడు ఉత్తరాలు వస్తే తోట పోతుంది.

ఎవాల్డ్‌కు అప్పటికే ఒకటి వచ్చి ఉంది. కిందటి అక్టోబరులో తుంటి నొప్పితో మంచం పట్టి, కాలనీ ఉమ్మడి పనికి రాలేదని.

జనవరిలో గడ్డకట్టిన వీధిలో జారిపడి ఆ తుంటే విరిగింది. ఆరు వారాలు ఆసుపత్రిలోనే. గెర్లిండ వెన్న కేకు పట్టుకుని చూడటానికి వచ్చింది.

"కంచె కొట్టలేదు గెర్లిండా," అన్నాడు ఎవాల్డ్, పలకరింపులేవీ లేకుండా.

"నీ కంచె ఎక్కడికీ పారిపోదులే. నెలాఖరు శనివారం మేం నలుగురం వచ్చి కొట్టేస్తాం. నువ్వు కాలు సంగతి చూసుకో."

"నువ్వొస్తావా?"

"నేను రాక ఇంకెవరొస్తారు? ముప్పై ఏళ్ల పొరుగు. ఆ మాత్రం చెయ్యమా?"

ఎవాల్డ్ కళ్లు చెమర్చాయి. పిచ్చి మనిషి! నెలాఖరు శనివారం ఏముంటుందో ఆ ఊళ్లో పుట్టినవాడికి తెలియదా? ఆ రోజు కాలనీ మొత్తం తోపుడుబండిలో సారా సీసాలు వేసుకుని ఊరి బయటి హోటలు దాకా నడిచింది. దారి పొడుగునా తాగింది. అక్కడ కేల్ అనే ఆకుకూర, సాసేజీలు కడుపు పగిలేలా తిని, అందరికన్నా ఎక్కువ తిన్నందుకు గెర్లిండకు ఆ ఏటి రాణి పట్టం కట్టింది. ఎవాల్డ్ కంచె ఊసు ఒక్కరికీ రాలేదు.

మార్చి రెండున ఆయన ఊతకర్రతో వచ్చి చూస్తే, కంచె మీటరున్నర ఎత్తున అలాగే ఉంది. మర్నాడు రెండో ఉత్తరం వచ్చింది. రెండు వారాల్లో మీటరుంపావుకు దించాలి. ఎవాల్డ్ ఆ కాగితం పట్టుకుని పక్కతోటకు వెళ్లాడు.

"ఇదేంటి గెర్లిండా? మీరే కొడతామన్నారు కదా."

"అన్నాం. కుదర్లేదు. ఆ రోజు కేల్ నడక అని నీకు తెలీదూ?"

"ఇప్పుడు నరికితే చట్టం ఊరుకోదు. నరక్కపోతే నువ్వు ఊరుకోవు. నన్నేం చెయ్యమంటావ్?"

"అబ్బ, చిన్నపిల్లాడిలా అడుగుతావేంటి ఎవాల్డూ? కొట్టేసెయ్. ఎవరు చూడొచ్చారు?"

ఆ పనికి రెండు రోజులు పట్టింది. కర్రను చంకలో ఇరికించుకుని, రెండు చేతులా పెద్ద కత్తెర పట్టి, నాలుగు కొమ్మలకోసారి బోర్లించిన బకెట్టు మీద కూలబడుతూ నరికాడు. రెండోనాటి సాయంత్రం గెర్లిండ కంచె అవతలి నుంచి ఫోను పైకెత్తింది. ఎత్తు సరిపోయిందని రాసుకోవడానికి ఫొటో తీస్తోంది కాబోలని, ఎవాల్డ్ తన కొలకర్రను కంచెకు ఆనించి మరీ నిలబడ్డాడు. పైగా నవ్వాడు. ఏడాదికోసారి కూడా నవ్వని మనిషి!

ఆ ఫొటో మూడో ఉత్తరంతో పాటు వచ్చింది. నిషేధం ఉన్న రోజుల్లో కంచె ముదురు కొమ్మలు నరికినందుకు.

సమావేశం కాలనీ హాల్లో జరిగింది. కాఫీ పోశారు. ఎవాల్డ్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"లూట్‌మన్ గారూ, మీరు చెప్పుకునేదేమైనా ఉందా?" అంది గెర్లిండ. ముప్పై ఏళ్లు నువ్వు నువ్వన్న నోరు అది.

"నువ్వే కదా కొట్టేయమన్నావ్?"

"చివుళ్లు కొట్టమన్నాను. ముదురు కొమ్మలు కొట్టమన్నానా? ఫొటోలో ఉన్నది మీరే కదా. నవ్వుతున్నారు కూడానూ."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చేతులెత్తమన్నారు. ఆపిల్ చెట్టు దగ్గర మాట పడ్డవాడు అందరికన్నా ముందు ఎత్తాడు. మిగతావాళ్లు కాఫీ కప్పులకేసి చూస్తూ ఎత్తారు. ఎవాల్డ్‌కు వాళ్లను తిట్టడానికి నోరు రాలేదు. అదే హాల్లో అంతకుముందు రెండుసార్లు ఇద్దరి తోటలు పోతుంటే తనూ చెయ్యెత్తాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఏప్రిల్ ఒకటికి తోట అప్పగించాలి. గెర్లిండ కూతురు బిర్టెకు ఆ తోట కావాలట, అందుకే ఇదంతా అని ట్రాము స్టాపులో ఎవరో ఆయన చెవిలో వేశారు. నిజమో కాదో ఆయన కనుక్కోలేదు. అంత అన్యాయానికి ఏదో ఒక కారణం ఉండాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. దొరికింది, పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి ఎవాల్డ్ తోట తవ్వడం మొదలుపెట్టాడు. కుంటుకుంటూ, ఒక మడి తర్వాత ఒక మడి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"వచ్చేవాళ్ల కోసం తవ్వి పెడుతున్నాడు. పాపం, మంచోడే," అన్నారు. గెర్లిండ కూడా తొంగిచూసి, "పెద్దమనిషి తరహా అంటే ఇదీ," అంది.

రైలు కట్ట మీద గీర్ష్ అనే కలుపు దుబ్బులుగా పెరుగుతుంది. మన తుంగకు పెద్దక్క లాంటిది. తెల్ల దారాల్లాంటి దాని వేళ్లలో గోరంత ముక్క నేలలో మిగిలినా చాలు, ఏడాది తిరిగేసరికి మడంతా ఆక్రమిస్తుంది. ముప్పై ఏళ్లుగా ఎవాల్డ్ మట్టిని చేతులతో జల్లించి ఒక్కొక్క దారాన్నీ ఏరిపారేశాడు. ఇప్పుడు ఆ వేళ్లనే బకెట్లకొద్దీ తెచ్చాడు. కంచె కొట్టిన కత్తెరతోనే వేలెడు వేలెడు ముక్కలు చేసి, పార లోతున, జానెడుకొకటి చొప్పున నాటాడు. చిక్కుళ్లు విత్తినంత శ్రద్ధగా నాటాడు. పైన మట్టి చదును చేసి, పిల్ల తల దువ్వినట్టు దువ్వాడు. మళ్లీ వేళ్లు తెచ్చాడు. బిర్టె మోకాళ్ల మీద పడి ఏళ్ల తరబడి కలుపు పీకుతుంటే గెర్లిండ కంచె మీదుగా చూస్తూ ఉండటం ఆయన కళ్లకు కట్టినట్టుండేది. తుంటి సలుపుతున్నా సరే, అంత హాయిగా ఆయన ఏ వసంతంలోనూ పని చేయలేదు.

ఏప్రిల్ ఒకటి పొద్దున గెర్లిండ గేటు తీసుకుని వచ్చింది. ఆవిడ వెంట ఒక అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని ఎవరో అమ్మాయి ఉంది. ముప్పై దాటి ఉంటాయి. కళ్ల కింద నల్లని చారలు.

"ఈమె మరైకె. నర్సు. ఇక నుంచి తోట ఈమెదే," అంది గెర్లిండ.

ఎవాల్డ్ గెర్లిండ వైపు తిరిగాడు. "బిర్టెకు కాదా?"

"బిర్టెకు ఇక్కడేం పని? దానికి వానపామును చూస్తేనే కేకలు. లిస్టులో ముందున్న వాళ్లకే ఇచ్చాం. ఈమె ఆరేళ్ల నుంచి ఎదురుచూస్తోంది."

"మరి నన్నెందుకు ఇలా చేశావ్?"

"ఎలా చేశాను?" గెర్లిండకు నిజంగానే అర్థం కాలేదు. "కంచె ఎత్తు ఎక్కువైంది ఎవాల్డూ. అంతకన్నా ఏముంది?"

మరైకె అప్పటికే పెట్టె దించి మడి పక్కన గొంతుక్కూర్చుంది. మట్టిలో చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా దిగిపోయింది.

"ఎంత మెత్తగా ఉందో! అంతా మీరే తవ్వారటగా? ఈ కాలుతో?" ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. "మీ తోట పోతుంటే కూడా నాకోసం ఇంత చేశారా?"

ఎవాల్డ్ నోరు తెరిచాడు. చెప్పేయాలి. చెబితే ఈ పూటే మడులన్నీ తిరగదోడి వేళ్లు ఏరేయవచ్చు, ఇంకా మొలకెత్తలేదు. కానీ గెర్లిండ పక్కనే ఉంది. ఆవిడ ముందు తప్పు ఒప్పుకుంటే, ఇలాంటివాణ్ని వెళ్లగొట్టి మంచి పని చేశామని హాలంతా అనుకుంటుంది. ఆ సిగ్గు ఆయన ఓర్చుకోలేడు. ఈ పిల్ల కష్టం ఓర్చుకోగలడు. ఆ సంగతి ఆ క్షణంలోనే ఆయనకు తెలిసింది.

మరైకె అట్టపెట్టె మూత తీసింది. లోపల సాలెపురుగు కాళ్లలా వేళ్లు చాపుకున్న, లేత కాడలు వండుకునే ఆస్పరాగస్ దుంపలు. "వీటి కోసమే తోట కావాలనుకున్నానండీ. ఒకసారి పెడితే ఇరవై ఏళ్లు కాస్తాయట. నాటాక నేలను కదపకూడదంటారు, నిజమేనా?"

"నిజమే," అన్నాడు ఎవాల్డ్. "అస్సలు తవ్వొద్దు."

గెర్లిండ తాళంచెవి కోసం చెయ్యి చాపింది.