మబ్బు తీసేసిన ఫైళ్లు

ఆఫీసులో ఆమెను అందరూ మబ్బు అనేవారు. కిటికీ పక్క కుర్చీ, చూపు ఎప్పుడూ బయటే. రెండోసారి పిలిస్తే గానీ పలకదు. అయినా సిటీ బస్సుల్లో "తర్వాతి స్టాపు" అని చెప్పే గొంతు వెనకున్న ప్రోగ్రామంతా ఆమె చేతిమీదుగానే నడిచేది.

అందులో మనుషులు రాసిన కోడు కొంచెమే. దాన్నుంచి కంప్యూటరు తయారుచేసే బిల్డ్ ఫైళ్లు మాత్రం కుప్పలుతెప్పలు. మొదట్నుంచీ రెండింటినీ కలిపి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనే ఖజానాలోనే దాచేవారు. ఎవరు చిటికెడు మార్పు చేసినా ఒకరి బిల్డ్ ఫైళ్లు ఇంకొకరివాటితో ఢీకొనేవి. పక్క సీటతను రోజూ తల పట్టుకునేవాడు.

"ఇవి మనం రాసినవి కావుగా సార్. కోడుంటే మళ్లీ పుడతాయి. గిట్‌లో ఎందుకు మోయడం?" అంది మబ్బు ఒక మధ్యాహ్నం, అద్దం మీద జారుతున్న వానను చూస్తూనే.

"తీసేస్తే ఏదన్నా పోతేనో?" అన్నాడు మేనేజరు.

"పోవు. పాత కాపీలు గిట్ చరిత్రలో ఎలాగూ ఉంటాయి."

ఆయన సరేనన్నాక గిట్ పట్టించుకోకూడనివాటి జాబితా ఉండే ఇగ్నోర్ ఫైల్లో బిల్డ్ ఫోల్డరు పేరు రాసి, లోపలున్నవాటిని గిట్‌లోంచి తప్పించింది. ఫైళ్లు ఢీకొనడం ఆగిపోయింది. పక్క సీటతను ఈల వేయడం మొదలుపెట్టాడు. కొత్తగా కట్టిన ప్రోగ్రాము బస్సుల్లోకి వెళ్లింది.

కుట్టుపని చేసే వాళ్లక్క ఒక సాయంత్రం షాపు నుంచి ఇంటికి వస్తూనే మబ్బును అడిగింది. "మీ బస్సు గొంతుకేమైందే? ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతోంది. తలెత్తేలోపే పేరు అయిపోతోంది."

మర్నాడు మబ్బు బస్సెక్కి కళ్లు మూసుకుని వింది. నిజమే, "తర్వాతి స్టాపు"కీ పేరుకీ మధ్య ఊపిరాడే జాగా లేదు. గిట్ చరిత్ర తిరగేస్తే, పాత బిల్డ్ ఫైల్లో ఎవరో చేత్తో దూర్చిన చిన్న విరామం కనిపించింది. ఆ ఒక్క ఫైలూ ఇన్నాళ్లూ మళ్లీ పుట్టకుండా పాతదే నడిచింది, అంతా కొత్తగా కట్టేసరికి విరామం పోయింది. పక్కనున్న పేరు చూస్తే, ఇదే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పని అది. ఫోన్ చేసింది.

"అవునమ్మా, మీ పిన్నికి వినికిడి తక్కువ. ముందు చెవి అటు తిప్పాలి, అప్పుడు గానీ వినపడదు. కోడులో ఎక్కడ పెట్టాలో తోచక అక్కడే పెట్టేశా," అన్నాడాయన.

"ఈసారి కోడులోనే పెడతాను బాబాయ్‌గారూ."

మేనేజరు కంగారుపడ్డాడు. "పోనీ, ఆ ఫోల్డరు మళ్లీ గిట్‌లో పెట్టేద్దామా?"

"వద్దు సార్. ఆ కుప్పలో ఉండబట్టే ఇన్నాళ్లూ ఇది ఎవరి కంటా పడలేదు."

విరామాన్ని కోడులో చేర్చి, ఎందుకు పెట్టారో పక్కనే ఒక వాక్యం రాసింది. బిల్డ్ మళ్లీ కట్టింది.

అది బస్సుల్లోకి చేరిన రోజు సాయంత్రపు ఎండ సీట్ల మీద పసుపుగా పరుచుకుని ఉంది. "తర్వాతి స్టాపు" అంది గొంతు, ఆగింది. కబుర్లు సన్నగిల్లాయి, ఒక్కో తలా లేచింది. అప్పుడు పేరు వచ్చింది. మబ్బు ఆ నిశ్శబ్దాల్ని ఒక్కొక్కటే వింటూ చివరి స్టాపు దాకా వెళ్లిపోయింది.

"దిగరా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"తిరుగు ట్రిప్పులో దిగుతానండి," అంది.