ఎర్రావు ఊపిరి

పటాలు కట్టడంలో నా అంతటివాడు ఈ వీధిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ లేడు. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అయినా కొలబద్ద ముట్టకుండా కంటితోనే మూలలు కలుపుతాను. నలభై రెండేళ్లలో పదకొండు వేల పటాలు కట్టాను. ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ పొద్దున పక్కవీధి టీచరమ్మ ఒక బొమ్మ తెచ్చింది. కిందటేడు పోయిన ఆమె భర్త వేసింది. మంచు కప్పిన పొలం, విరిగిన కంచె, ఆరు గొర్రెలు, దగ్గరగా రెండు ఆవులు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

"అద్దం వేసి కట్టండి బాబాయిగారూ. సాయంత్రం వస్తా," అని వెళ్లింది.

వంటింట్లో వేలాడిన బొమ్మ, పొగ పట్టింది. తుడవమని ఆమె అనలేదు. ఊరికే ఉండే చెయ్యా నాది? పొడి దూదితో తుడిచాను. మంచు తెల్లబడింది. ఎర్రావు మూతి ముందు బూడిదరంగు మరక కనిపిస్తే అదీ తుడిచేశాను. చూస్తే నల్లావు మూతి ముందూ అలాంటి మరకే! చెయ్యి ఆగిపోయింది.

టీ తెచ్చిన మా ఆవిడ తొంగి చూసింది. "మరకేమిటయ్యా! చలికి ఆవు వదిలిన ఊపిరి అది. పదకొండు వేలు కట్టిన మొనగాడివి, ఆవు మొహం చూళ్లేదా?"

మధ్యాహ్నమంతా వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడ్డాను.

"సుద్దముక్కతో గీసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అంది మా ఆవిడ.

సుద్దముక్క తీసుకున్నాను కూడా. గీయబోయి ఆగాను. రోజూ పొయ్యి ముందు నిలబడి చూసిన మనిషికి తెలియదూ?

నాలుగున్నరకే టీచరమ్మ వచ్చేసింది. "అయిందా బాబాయిగారూ?"

"అమ్మా... నేను తుడిచాను."

వంగి చాలాసేపు చూసింది. "ఆ ఊపిరి మాత్రం సుద్దండీ. మంచం మీద ఉండి నా బడి సుద్దతో వేశారు. రాలిపోతోందనే కదా అద్దం వేయమన్నాను!"

ఆమె చూపు నా చేతిలోని సుద్దముక్క మీద పడింది.

"వద్దు, ముట్టుకోకండి. నల్లావుదైనా మిగలనివ్వండి. నా ముందే వేయండి అద్దం."

అద్దం తగలకుండా అంచుల్లో సన్నటి బద్దలు పెట్టి, ఊపిరి బిగబట్టి అద్దం దించాను. మేకులు కొడితే ఆ అదురుకు రాలుతుందని వెనక అట్టను జిగురుతోనే అంటించాను. అది ఆరేదాకా ఇద్దరం కదల్లేదు.

ఇప్పుడు ఎవరు బొమ్మ తెచ్చినా ముందు అడుగుతాను, "తుడవమంటారా?" అని.