వీపు మీద చెయ్యి

మా పెద్దమ్మ జన్మలో పాట పాడలేదు. పాడబోతే ఇంట్లోవాళ్ళం దణ్ణం పెట్టి ఆపించేవాళ్ళం. అయినా జనం ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్న ఆ గాయని పాటల్లో చాలావాటి వెనక మా పెద్దమ్మ చెయ్యి ఉంది. మాటవరసకి అనడం లేదు, నిజంగా చెయ్యే.

రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చి తుడిచే పని ఆవిడది. గాయని పొద్దున్నే తాగి వచ్చేది. కుర్చీ వేస్తే తన్నేసేది, కూర్చుని పాడితే గొంతు లేవదట. నిలబడితేనేమో తూలేది. మైకుకి ఒకసారి మరీ దగ్గరైపోయేది, ఒకసారి దూరం జరిగిపోయేది. ఓరోజు రికార్డిస్టు తల బాదుకుంటుంటే పెద్దమ్మ తడిగుడ్డ పక్కన పడేసి, చప్పుడవుతుందని గాజులు తీసేసి, గాయని వెనకాల నిలబడి ఆవిడ వీపుకి అరచెయ్యి ఆనించింది. మనిషి కుదురుకుంది, పాటా కుదిరింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. స్టూడియోలో అందరూ పెద్దమ్మని 'గోడ' అని పిలవడం మొదలెట్టారు.

"ఎలా ఉండేది పెద్దమ్మా?" అని ఎన్నిసార్లు అడిగానో.

"ఏం చెప్పనే! మెట్లెక్కాలంటే నా భుజం కావాలి. తన చెప్పులు తను విప్పుకోలేదు. అలాంటి మనిషి పాట ఎత్తుకుందా, ఊపిరి తీసినప్పుడల్లా నా చేతికింద తలుపులు తెరుచుకున్నట్టుండేది. పాట నా మోచేతిదాకా పాకేది. ఏడుపొచ్చేసేది. ముక్కు ఎగబీలిస్తే టేపులో పడుతుందని అలాగే మింగేదాన్ని."

ఇది విన్నాక ఆ పాటలు ఎక్కడ వినబడ్డా నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. ఒక మనిషిలో అంత పాట ఎలా పట్టిందో ఇప్పటికీ అర్థం కాదు.

బయట మాత్రం ఆ గాయనిని ఆడిపోసుకోని నోరు లేదు. కచేరీలో తూలిందని చెప్పులు విసిరారు. మా వీధిలో పెద్దమ్మని కూడా "తాగుబోతుదాని తోక" అన్నారు. తర్వాత గాయని పోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? చెప్పులు విసిరిన చేతులే పూలు పట్టుకుని వరసలో నిలబడ్డాయి. చూసి నాకు ఒళ్ళు మండింది.

సంస్మరణ సభవాళ్ళు ఇంటికొచ్చి, పెద్దమ్మకి వేదిక మీద చోటిస్తామన్నారు. ఎవరి కంటా పడకుండా వెనకే ఉండిపోయిన మనిషి. 'ఆవిడ వెనకాల ఉన్నది నేనే' అని ఒక్కసారి పదిమందిలో చెప్పుకోవాలని ఎంత ఆశో నాకు తెలుసు. వాళ్ళు కూర్చుని ఉండగానే ఏ చీర కట్టుకోవాలా అని నా చెవిలో అడిగింది.

"ఒక్క మాటమ్మా," అన్నాడు కార్యదర్శి. "తాగుడు సంగతంతా గిట్టనివాళ్ళు పుట్టించిందని మీరు చెప్పాలి. ఆవిడ దేవత. మీ నోటితో చెబితే జనం నమ్ముతారు."

"తాగేది బాబూ. నరకం పడేది. అలా ఉండి కూడా అలా పాడింది. దేవతయితే అందులో గొప్పేముంది?"

"పోయినావిడ పరువు కదమ్మా. పోనీ, ఎప్పుడూ తూలలేదని చెప్పండి, చాలు. లేదంటే వేదిక మీద చోటు కష్టం."

పెద్దమ్మ తన అరచెయ్యి చూసుకుంది.

"తూలకపోతే, ఇన్నేళ్ళూ నేను పట్టుకున్నది ఎవర్ని బాబూ?"